సముద్రం రుచి చూసిన పతకాలు

అద్దాలక్క చేతులు వణకడం ఆ వీధిలో ఎవరూ చూడలేదు. కళ్లద్దాలు చేసే మనిషికి చేతులు వణికితే ఊరందరి చూపూ వంకర పోతుంది కదా. అలాంటిది ఆ సోమవారం పొద్దున షాపు వెనక గదిలో దీపం వెలిగించి, మాస్టారి పతకాల పెట్టె తెరిచి, భూతద్దం కంటికి ఆనించుకున్న కాసేపటికే ఆమె చేతిలోని పతకాన్ని బల్ల మీద జారవిడిచింది.

ఓడల బొమ్మలున్న పెద్ద కంచు పతకం అది. తెరచాపల మడతల్లో, అక్షరాల సందుల్లో లేత పచ్చటి పొడి. పాత కంచుకు పట్టే పచ్చదనం ఆమెకు తెలియనిది కాదు. అది ముదురుగా, నున్నగా లోహానికి అంటుకుపోయి ఉంటుంది, దాన్ని చూసి మురిసిపోయే వాళ్లు కూడా ఉన్నారు. ఇది అలా లేదు. మెత్తటి గుడ్డతో తుడిస్తే పోయింది, పోయిన చోట సూదితో పొడిచినట్టు చిన్న గుంట మిగిలింది. మర్నాడు చూస్తే అదే గుంటలో మళ్లీ పొడి. పెట్టెలో ఉన్న వాటిని ఒక్కొక్కటే తీసి చూసింది. సగానికి సగం అదే తీరు.

పొరుగూళ్లో పతకాలు అమ్మే ముసలాయనకు ఫోన్ చేసి, ఎవరిదో సంగతి అడుగుతున్నట్టు అడిగింది. ఆయన ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

“ఉప్పునీళ్లేమైనా తగిలాయామ్మా?”

అద్దాలక్కకు పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టయింది.

ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. మాస్టారు బడిలో ఆమెకు భూగోళం చెప్పిన మనిషి. ఒకరోజు క్లాసుకు ఒక పతకం తెచ్చి పిల్లల చేతుల్లో తిప్పించారు. ఐదు ఓడలు బయలుదేరి, ఒక్కటే భూమి చుట్టూ తిరిగి ఇల్లు చేరిన ప్రయాణం జ్ఞాపకంగా ఎవరో పోత పోయించినది. తక్కిన పిల్లలు అటూ ఇటూ తిప్పి పక్కవాళ్లకు ఇచ్చేశారు. ఈ పిల్ల మాత్రం గంట కొట్టినా వదల్లేదు. ఆరోజు పట్టిన పిచ్చి పెళ్లయినా వదల్లేదు, అత్తగారి సణుగుడుకూ లొంగలేదు. మామగారి దగ్గర లెన్సులు అరగదీయడం నేర్చుకుని, భర్త ఫ్రేముల వ్యాపారమంటూ ఊళ్లు పట్టుకు తిరుగుతుంటే, షాపు తనే నడుపుతూ, సందు దొరికినప్పుడల్లా పాతసామాను కొట్లన్నీ గాలించేది. యుద్ధాల పతకాలూ, రాజుల పతకాలూ ఇస్తానన్నా ఆమెకు అక్కర్లేదు. తెలియని నీళ్లలోకి వెళ్లిన ఓడల జ్ఞాపకంగా పోత పోసినవే కావాలి.

కొన్నాళ్లకు తనలాంటి వెర్రివాళ్లు ఇంకా ఉన్నారని తెలిసింది. మాస్టారు సరేసరి. వీధి చివర బేకరీ బాబాయి, రేవులో పనిచేసే క్రేన్ ఆపరేటరు. ఆదివారాలు షాపు పైగదిలో చేరేవాళ్లు. ఎవరి పెట్టె వారు తెరిచి, గంటల తరబడి బొమ్మల్లోని ఓడల తాళ్లు లెక్కపెట్టుకుంటూ, ఈ ఓడకు ఇన్ని స్తంభాలు ఉండేవా లేవా అని గొంతులు చించుకునేవాళ్లు. “ఫలానావాడు ఫలానా దీవి కనిపెట్టాడు అని రాశారు చూడండి,” అని ఎవరైనా అంటే మాస్టారు నవ్వేవారు. “అప్పటికి అక్కడి ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టుకుని కూర్చున్నారోయ్. వీడొచ్చి కనిపెట్టేదేమిటి, దారి తప్పి వాళ్లింటికెళ్లాడు.” ఆయనకు వెళ్లినవాళ్లంటే భక్తి లేదు. వెళ్లడమంటే ఇష్టం.

అలాంటి ఒక ఆదివారమే అద్దాలక్క ఉత్సాహం ఆపుకోలేక ఓ ముక్క అంది. ఓడ ప్రయాణం పతకానికి సముద్రం రుచి తెలియకపోతే ఎట్లా అని. అంతే, అందరూ రేవుకు నడిచారు. జెట్టీ చివర మెట్ల మీద కూర్చుని కొత్తగా వచ్చిన పతకాన్ని ఉప్పునీళ్లలో ముంచి తీశారు. తుడవబోయిన బాబాయిని ఆమే ఆపింది. “తుడిస్తే ఎట్లా బాబాయ్? గాలికి ఆరాలి. కడిగితే ప్రయాణం కడిగేసినట్టే.” అక్కడికక్కడ పుట్టిన మాట. కానీ అందరికీ నచ్చింది, ఆచారమైపోయింది. ఎవరికి కొత్త పతకం వచ్చినా నలుగురూ కలిసి జెట్టీకి వెళ్లడం, ముంచడం, ఆరబెట్టడం, కడగకుండా పెట్టెలో పెట్టుకోవడం. ఆమె పిల్లలు పెద్దవాళ్లయ్యేంత కాలం ఇదే తంతు.

ఫోన్ పెట్టేసి అద్దాలక్క ఒక్క పరుగున పైకెళ్లింది. తన పెట్టెలూ పాడైపోయి ఉంటాయనుకుంది. ఒక్కొక్కటే దీపం కింద పెట్టి చూసింది. మచ్చ లేదు. ఒక్కదానికీ లేదు. మొదట హమ్మయ్య అనుకుంది. తరవాత ఎందుకు లేదా అని కూర్చుని ఆలోచించింది. అప్పుడు తొట్టి గుర్తొచ్చింది.

ఆ షాపులోకి ఏ వస్తువు వచ్చినా ముందు వెనక గదిలో డిస్టిల్డ్ వాటర్ తొట్టిలో పడాల్సిందే. లెన్సు మీద రేణువు ఉంటే గీత పడుతుందని మామగారు మొట్టికాయలు వేసి మరీ నేర్పిన పాఠం. జెట్టీ నుంచి వచ్చిన పతకాన్ని కూడా ఆమె చేతులు తమంతట తామే తొట్టిలో వేసేవి, జాడించేవి, ఆరబెట్టేవి. కడగొద్దని నలుగురికి చెప్పింది తనే. ఇంటికొచ్చి కడిగిందీ తనే. రెండూ ఒకే మనిషి చేస్తోందని ఇన్నేళ్లూ ఆమె బుర్రకు తట్టనే లేదు.

మాస్టారు మాత్రం కడిగి ఉండరు. ఆయన మాట తప్పే మనిషి కాదు.

“చెప్పెయ్ వదినా,” అంది కౌంటరు దగ్గర ఫ్రేములు సర్దుతున్న ఆడపడుచు. ఇంట్లో ఏ సంగతైనా ఆమె దగ్గర దాగదు. “ఇవాళే వెళ్లి చెప్పెయ్. పులి మింగేస్తుందా?”

“చెబితే ఏమవుతుందో నీకు తెలుసా? వాటిని నెలల తరబడి నీళ్లలో నానబెట్టాలని చెప్పాడు ఆ పతకాల ముసలాయన. నీళ్లు మారుస్తూ, మారుస్తూ. ఉప్పంతా బయటికొచ్చిందాకా. అది వచ్చే ఏడు సంగతి.”

“అయితే వచ్చే ఏడే ఇస్తారు మ్యూజియానికి.”

“అప్పటికి ఆయనకు చూపుండదే!”

అసలు చిక్కు అక్కడే ఉంది. మాస్టారి చూపు కొన్నేళ్లుగా తరిగిపోతోంది. అద్దాలక్క ఎంత మందం లెన్సు చేసి బిగించినా ఇంకొంచెం జారిపోతూనే ఉంది. ఈ చలికాలం దాటితే కష్టమని కంటి డాక్టరు వేసవి మొదట్లోనే తేల్చేశాడు. పిల్లాజెల్లా లేని మనిషి. ఉన్నదంతా ఆ పెట్టె. దాన్ని ఊరి మ్యూజియానికి ఇచ్చేస్తానని కబురు పెట్టారు. “గాజు అలమరలో, దీపాల కింద, ఒక్కసారి వాటిని వరసగా చూసుకోవాలోయ్. కళ్లు ఉన్నప్పుడే చూసుకోవాలి,” అని ప్రతి ఆదివారం ఇదే పాట. మ్యూజియం మేడమ్ శనివారం వచ్చి చూస్తానంది. నచ్చితే ఆ నెలలోనే అలమరలో పెడతారట. అందుకే పెట్టె తెచ్చి శుభ్రం చేసిపెట్టమని శిష్యురాలికిచ్చారు.

ఆ వారమంతా అద్దాలక్క కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది. చెబితే ఆయన వాటిని అలమరలో చూడరు. చెప్పకపోతే చూస్తారు, కానీ ఆ పొడి గాజు వెనక కూర్చుని ఒక్కొక్క ఓడనూ నమిలేస్తుంది. ఒక లెన్సుకు బదులు ఇంకో లెన్సు అరగదీసింది. ముళ్ల మీద కూర్చున్నట్టుండేది ఆమెకు.

శుక్రవారం సాయంత్రానికి ఒక నిర్ణయానికి వచ్చింది. మంచిది కాదని తెలిసే వచ్చింది. సన్నటి పుల్లతో పొడి అంతా గీకి తీసి, గుంటల్లో మైనం నింపి, మెషిన్‌కు వేసే నూనె చుక్కతో రుద్దింది. పతకాలు నల్లగా నిగనిగలాడాయి. ఒక్క నెల ఆగితే చాలనుకుంది. ఆయన ఒక్కసారి చూస్తే, తరవాత తనే వెళ్లి మేడమ్ కాళ్లు పట్టుకుని నిజం చెబుతుంది. ఆడపడుచు గుమ్మంలో నిలబడి అంతా చూసి, షాపు తాళాలు తీసుకుని వెళ్లిపోయింది.

శనివారం పైగదిలో అందరూ చేరారు. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, బొత్తాలు పైదాకా పెట్టుకుని, పెళ్లివారొచ్చినట్టు నిటారుగా కూర్చున్నారు. బేకరీ బాబాయి వేడి వేడి బిస్కెట్లు తెచ్చాడు. క్రేన్ ఆపరేటరు డ్యూటీ మార్చుకుని వచ్చాడు. మ్యూజియం మేడమ్ మర్యాద తెలిసిన మనిషి, వయసులో అందరికన్నా చిన్న. చేతులకు తెల్ల తొడుగులు వేసుకుని, ముందు మాస్టారికి నమస్కారం చేసి, అప్పుడు పెట్టె ముందు కూర్చుంది.

అద్దాలక్క గోడకు ఆనుకుని నిలబడింది. మేడమ్ ఒక పతకం తీసింది, చూసింది, పక్కన పెట్టింది. రెండోది తీసింది. కిటికీ వైపు తిప్పింది. మళ్లీ తిప్పింది.

“వీటికి మైనం ఎవరు పట్టించారండీ?”

“మా అమ్మాయే. అద్దంలా తయారుచేస్తానంది,” అన్నారు మాస్టారు గర్వంగా.

మేడమ్ తల ఊపి మూడోది అందుకుంది. ఇక గట్టెక్కినట్టే అని అద్దాలక్క ఊపిరి పీల్చుకునేలోపే మాస్టారికి హుషారొచ్చింది. ఆయనకు హుషారొస్తే ఆపడం ఎవరి తరమూ కాదు.

“వీటి విశేషం మీకు చెప్పలేదు కదూ మేడమ్! ప్రతి ఒక్కటీ సముద్రంలో మునిగొచ్చిందే. మేమందరం కలిసి జెట్టీకి తీసుకెళ్లి ముంచేవాళ్లం. ముంచాక మంచినీళ్లు తగలనివ్వకూడదు, అది మా నియమం. ఈరోజు దాకా ఒక్కదానికీ చుక్క తగలనివ్వలేదు. కావాలంటే వీళ్లనే అడగండి.”

మేడమ్ చేయి ఆగిపోయింది. బేకరీ బాబాయి నోట్లో పెట్టుకోబోయిన బిస్కెట్టు చేతిలోనే ఉండిపోయింది.

“అదేంటి మాస్టారూ,” అన్నాడు మెల్లగా, “నిజంగానే కడగలేదా?”

“కడగడమేమిటోయ్?”

“అంటే... ఇంటికెళ్లాక మా ఆవిడ ఊరుకునేది కాదండీ. ఉప్పు వాసనొస్తోందని ట్యాపు కింద పెట్టేసేది. నేనూ... సర్లే అని...”

మాస్టారు ముఖం క్రేన్ ఆపరేటరు వైపు తిప్పారు. అతను నేల చూపులు చూశాడు. “రేవులో ఉప్పు ఇనుముకేం చేస్తుందో రోజూ చూస్తాను కదండీ. భయమేసి కడిగేవాణ్ణి. మీరూ కడుగుతారనే అనుకున్నాను. అదంతా సరదాకి కదా అనుకున్నా.”

“సరదాకా,” అన్నారు మాస్టారు. ఆ మాటను నోట్లో తిప్పి చూసుకున్నట్టు ఇంకోసారి అన్నారు. తరవాత ఆయన ముఖం గోడ వైపు తిరిగింది. అద్దాలక్క ఎక్కడ నిలబడిందో ఆయనకు తెలుసు. “నువ్వు?”

అబద్ధం చెప్పడానికి ఆమెకు ఆఖరి అవకాశం అది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆయన చొక్కా పైబొత్తం చూసి ఇక వల్ల కాలేదు.

“కడిగాను మాస్టారూ. తెలిసి కాదు, చేతికి అలవాటై కడిగేశాను. మీరు మాత్రమే కడగలేదు. వాటికి పచ్చ పొడి పట్టింది. సోమవారమే చూశాను. నిన్న మైనం పెట్టి కప్పేశాను.”

మేడమ్ తొడుగులు తీసేసింది. కోప్పడలేదు. ఇప్పుడు అలమరలో పెట్టలేమని, ఉప్పు వదిలించాక తప్పకుండా తీసుకుంటామని, చోటు అట్టే పెడతామని, వచ్చి నేర్పే మనిషిని పంపుతామని చెప్పింది. దయగా చెప్పినా, చెప్పింది మాత్రం ‘కాదు’ అనే. బాబాయి బిస్కెట్ల పళ్లెం అక్కడే వదిలేసి, క్రేన్ ఆపరేటరుతో కలిసి తేలు కుట్టిన దొంగలా మెట్లు దిగాడు. మేడమ్‌ను కింద దాకా దిగబెట్టడానికి ఆడపడుచు వెళ్లింది.

ఇద్దరే మిగిలారు.

“సగం బతుకు పిల్లలకి పాఠాలు చెప్పినవాణ్ణి,” అన్నారు మాస్టారు. గొంతు పెంచలేదు, పెంచితే బావుండుననిపించింది ఆమెకు. “ఉప్పు కంచుని తింటుందని నాకు తెలియదనుకున్నావా? తెలుసు. మొదటిసారే అనుమానమొచ్చింది. కానీ నువ్వు చెప్పావు కదా అని ఊరుకున్నా. నా దగ్గర చదువుకున్నవాళ్లలో ఓడని చూసి గంట వినపడనిదానివి నువ్వొక్కతివే. నువ్వు చెప్పావని చేశాను.”

ఆమె ఏడ్చింది. క్షమించమని అడగడానికి కూడా సిగ్గేసింది.

“కడగడం సంగతి సరే, అది చేతి పొరపాటు. మైనమెందుకు పెట్టావు?”

“మీరు ఒక్కసారైనా అలమరలో చూసుకుంటారని.”

“చూసుకుంటే? నిజం చెప్పకుండా నాకు బొమ్మ చూపిస్తావా? ఇంకెప్పుడూ నాకు అబద్ధం చెప్పకు. నా మంచికైనా సరే. ఒట్టు వెయ్యి.”

“ఒట్టు మాస్టారూ.”

కిందనుంచి షాపు తలుపు మూసిన చప్పుడు వినిపించింది. “నీళ్లు తీసుకురా,” అన్నారు మాస్టారు. “ఇప్పుడే మొదలుపెడదాం. వచ్చే ఏడాదికి నా సంగతి ఎట్లాగో తెలుసు కదా. ఒక్కొక్కటి దీపం కింద పెట్టి చూపించు, చూశాక వేసేద్దాం.”

ఆమె వెనక గదిలోంచి గాజు తొట్లు తెచ్చింది, డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు తెచ్చింది. లెన్సులు చూసే పెద్ద భూతద్దం స్టాండును ఆయన ముందు నిలబెట్టి, దీపం దగ్గరికి జరిపింది. పెట్టెలో ఉన్న వరసలోనే తీసి, మైనం తుడిచి మొదటి పతకం పెట్టింది. ఆయన వంగి చూశారు. “మంచు సముద్రంలోకి వెళ్లినది. ముందు భాగంలో ఇనుప కమ్మి చూడు, ఎంత బాగా తీశాడో.” తొట్టిలో వేసింది. రెండోది పెట్టింది. “ఇది దక్షిణం వైపు వెళ్లింది. ఈ మూల మనిషి చేతిలో దుర్భిణీ.” వేసింది. ఆయన గొంతులో కోపం మెల్లమెల్లగా కరిగి బడిలో వినిపించిన గొంతే వస్తుంటే ఆమెకు కాస్త ప్రాణం లేచొచ్చింది. ఇంత మాత్రమైనా చూసుకున్నారు కదా అనుకుంది.

తరవాత పెద్ద పతకం, ఐదు ఓడలది. కన్నీళ్లు తుడుచుకుంటూ, ఎటు వైపు పైకుందో చూసుకోకుండా దీపం కింద పెట్టేసింది. ఆయన భూతద్దం మీదికి వంగారు. అంతవరకు వంగినట్టే వంగారు.

“ఐదూ ఉన్నాయి. చివరి ఓడ తెరచాపకు మాత్రం పచ్చ పట్టలేదోయ్. నయం.”

ఆమె పతకం వైపు చూసింది. దీపం కింద ఉన్నది వెనక వైపు. అక్కడ ఒక్క ఓడా లేదు. భూగోళం బొమ్మ, దాని చుట్టూ ఒక గీత, కింద సంవత్సరం. ఆయన కళ్లు ఆ గుండ్రటి దాని మీద ఎక్కడా ఆగకుండా, దీపం వెలుతురు వైపు మాత్రం తిరిగి ఉన్నాయి.

పోయిన నెలే ఆయనచేత షాపు గోడ మీది చూపు పరీక్ష అక్షరాల పలక చదివించింది. పైవరస నుంచి కిందివరస దాకా గడగడా అప్పజెప్పారు. ఎంత సంతోషించింది తను! ఇన్నేళ్లుగా అదే పలక. అదే వరస. పాఠాలు కంఠస్థం చేయించిన మనిషికి ఆ నాలుగు వరసలు ఒక లెక్కా?

ఔనంటే సరిపోయేది. ఔను మాస్టారూ, బాగానే ఉంది అని తొట్టిలో వేసేస్తే ఆయన ఇంకోదాని కోసం చేయి చాచేవారు. కానీ ఒట్టు వేసిన నోరు ఇంకా తడి ఆరలేదు.

“మాస్టారూ,” అంది. ఆయన మోచేతి మీద చేయి వేసింది. “మాస్టారూ, ఓడలు కింది వైపున్నాయి. మీ ముందున్నది వెనక వైపు.”

ఆయన నిదానంగా కుర్చీలో వెనక్కి వాలారు.

“చూపు వానలకి ముందే పోయింది,” అన్నారు. “వెలుతురు తెలుస్తుంది. అలమర దీపాలు తెలుస్తాయిలే అనుకున్నా. పోయిందని తెలిస్తే ఇక తొందరేముందని మీరందరూ నిదానంగా చేస్తారు కదా.”

ఆమె పతకాన్ని తీసి ఓడల వైపు పైకి వచ్చేట్టు ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన బొటనవేలు ఒక్కొక్క తెరచాపనే తడుముకుంటూ, గుంటలు పడ్డ చోట ఆగుతూ, ఐదో ఓడ దాకా వెళ్లింది.

“ఇక వేద్దాం,” అన్నారు.

రెండో చేయి తొట్టి కోసం బల్ల మీద వెతికింది. ఆమె తొట్టిని ఆయన ముందుకు జరపలేదు. ఆయన చేయి పట్టుకుని నీళ్ల దాకా తీసుకువెళ్లింది.